సగం తెల్ల పువ్వు వెనక రెండేళ్లు: పెరటి గులాబీ డైరీ

ఒకే పువ్వులో సగం రోజా రంగు, సగం తెలుపు కనిపిస్తే ఏం చేయాలో, ముఖ్యంగా ఏం చేయకూడదో రాసుకున్న పుస్తకం ఇది. ఊరు రాజమహేంద్రవరం. మొక్క ‘క్వీన్ ఎలిజబెత్’, పెరట్లో నేలలో నాటి ఆరేళ్లయింది.

ఇప్పటిదాకా లెక్క: కట్టిన అంట్లు 20, పట్టినవి 12. ఖర్చు రూ.1,475. అందులో మొదటి రూ.80 పూర్తిగా నా తొందరపాటుకు కట్టిన జరిమానా.

దశ 1: ఇది నిజమైన మార్పేనా?

2023 అక్టోబర్ 15న కొమ్మలు కత్తిరించాను. 48వ రోజున, డిసెంబర్ 2న, తూర్పు వైపు కొమ్మ చివర ఆ పువ్వు విచ్చుకుంది. స్కేలు పెట్టి గీసినట్టు మధ్యలో గీత. గోడ వైపు సగం తెలుపు, ఇటు సగం మామూలు రోజా రంగు. గీత మీద పడిన రెండు రెక్కలు కూడా మధ్యకి రెండు రంగులుగా చీలి ఉన్నాయి.

స్పోర్ట్ (కొమ్మ మీద దానంతటదే పుట్టే కొత్త రకం) అని పేరు పెట్టేముందు కొట్టేయాల్సిన అనుమానాలు కొన్ని ఉంటాయి. నేను చూసిన వరస:

1. పిలకేమో. కొమ్మను కిందిదాకా వేలితో పట్టుకుంటూ వెళ్లాను. అంటు ముడికి 22 సెం.మీ. పైన పుట్టింది. అంటే అంటుకు అడుగున వేర్లిచ్చే నాటు గులాబీది కాదు, ఎలిజబెత్ కొమ్మే.
2. తామర పురుగులేమో. పువ్వును తెల్ల కాగితం మీద తట్టాను. ఏమీ రాలలేదు. పక్కనున్న మామూలు పువ్వులో మాత్రం మూడు దొరికాయి. వాటి దెబ్బకు రెక్క అంచులు మాడినట్టు గోధుమ రంగుకు తిరుగుతాయి, గీతలు చెదురుమదురుగా ఉంటాయి. ఇంత నీటుగా సగానికి చీలిక రాదు.
3. వైరస్ ఏమో. ఆ కొమ్మ ఆకుల మీద పసుపు వంకర గీతలు లేవు.
4. చలికో ఎండకో రంగు మారిందేమో. అదే మొక్క మీద అదే వారం పూసిన తొమ్మిది పువ్వులూ మామూలుగానే ఉన్నాయి. వాతావరణమైతే అన్నింటినీ పట్టాలి కదా.

పువ్వు నడి మధ్యలోంచి ఇంకో మొగ్గ లేవడం మీలో కొందరు చూసి ఉంటారు. అది వేరే సంగతి. చాలాసార్లు వాతావరణం తేడాల వల్ల వస్తుంది, తర్వాతి పూతకు పోతుంది. దాన్ని స్పోర్ట్ అనుకుని అంటు కడితే మామూలు మొక్కే చేతికొస్తుంది.

నాలుగూ కొట్టేశాక మిగిలింది మొగ్గలో జరిగిన ఉత్పరివర్తనం. గులాబీల్లో ఇది మరీ అరుదేం కాదు. ‘పీస్’ గులాబీ నుంచి ‘చికాగో పీస్’ ఇలాగే, చికాగోలో ఒకరి తోటలో దొరికి 1962లో బయటికొచ్చింది. మన ఢిల్లీ పూసా సంస్థలో ‘కిస్ ఆఫ్ ఫైర్’కి గామా కిరణాలు కొట్టి ‘అభిసారిక’ను తీశారు. అక్కడ కావాలని చేసిన పని నా పెరట్లో దానంతటదే జరిగింది.

దశ 2: రూ.80 తప్పు

డిసెంబర్ 4న పువ్వు కోశాను. మంచి వెలుతురులో ఫోటో తీయాలని, చూడ్డానికి బాగుంటుందని 38 సెం.మీ. కాడతో కోశాను. తొమ్మిది ఆకులు దానితో పాటే వచ్చేశాయి.

ప్రతి ఆకు కాడ మొదట్లో ఒక కన్ను ఉంటుంది. కొత్త కొమ్మ వచ్చేదీ, అంటు కట్టేదీ ఆ కన్నుతోనే. అంటే కొత్త రంగు మోసే అవకాశమున్న కళ్లు తొమ్మిదీ సీసాలోకి పోయాయి. నాలుగు రోజులు హాల్లో పెట్టి చూసుకున్నాక గానీ ఈ సంగతి బుర్రకెక్కలేదు.

డిసెంబర్ 8న దగ్గర్లోని నర్సరీలో నాలుగు నాటు మొక్కలు, ఒక్కోటి రూ.20, కొనుక్కొచ్చి గడ్డం బ్లేడుతో అంటు కట్టాను. నాలుగూ పోయాయి. ఎందుకు పోయాయో రాస్తాను, ఎక్కువమంది ఇక్కడే పడతారు:

1. కాడ మీద ఆకులు ఉంచేశాను. నాలుగు రోజులపాటు ఆకులు నీటిని ఆవిరి చేస్తూనే ఉన్నాయి, కళ్లు వడిలాయి.
2. పువ్వుకి దగ్గరగా ఉన్న పై కళ్లను వాడాను. అవి సన్నగా, లేతగా ఉంటాయి. బలమైనవి కాడ మధ్యలో ఉంటాయి.
3. నాటు మొక్కకు నీళ్లు పెట్టకుండా ఎండుగా ఉన్నప్పుడే కోశాను. బెరడు లేవలేదు. లేవకపోయేసరికి బ్లేడుతో బలవంతం చేశాను. లోపలి చెక్క చీలింది.
4. బ్లేడు రెండు వైపులా పదును. కన్ను తీస్తుంటే బొటనవేలు కూడా తెగింది. దానికి వేరే లెక్క లేదు.

నాలుగు నాటు మొక్కల్నీ పారేశాను. అదీ తప్పే. ఒక వైపు అంటు పోయినా రెండో వైపు మళ్లీ కట్టొచ్చని అప్పటికి తెలీదు.

లెక్క: కట్టినవి 4, పట్టినవి 0. ఖర్చు రూ.80.

దశ 3: మొండెం మీద మిగిలినవి

కొమ్మ మొండెం మీద కోతకు కింద మూడు కళ్లు మిగిలాయి. పై రెండూ చిగురించాయి, మూడోది కదల్లేదు. వాటికి ‘ఎ’, ‘బి’ అని పేర్లు పెట్టి ట్యాగులు కట్టాను.

2024 జనవరి 21న రెండూ పూశాయి. ‘ఎ’ పూర్తిగా రోజా రంగు. ‘బి’ మళ్లీ రెండు రంగులు, ఈసారి తెలుపు మూడింట రెండు వంతులు. ఒకే కొమ్మ మీద రెండంగుళాల దూరంలో ఉన్న రెండు కళ్లు రెండు రకాలుగా పూయడం చూశాక కొమ్మలో ఏం జరుగుతోందో కూర్చుని ఆలోచించాల్సి వచ్చింది.

నాకర్థమైనది ఇది. పెరిగే కొన మొగ్గలో కణాలు పొరలు పొరలుగా ఉంటాయి. ఒక కణంలో మార్పు వస్తే దాని సంతానం కొమ్మ పొడవునా ఒక పట్టీలా సాగుతుంది. ఆ పట్టీ మీద పుట్టిన కన్ను కొత్త రంగు పూస్తుంది. పట్టీ బయటి కన్ను పాత రంగే. సరిగ్గా పట్టీ అంచు మీద పుట్టింది రెండూ పూస్తుంది. గులాబీ రెక్కల రంగు ప్రధానంగా పైపొర కణాల్లో ఉంటుంది, గింజ మాత్రం లోపలి పొర నుంచి తయారవుతుంది. మార్పు పైపొరకే పరిమితమైతే గింజకు అది అందదు. అందుకే గింజ వేసి చూద్దాం అన్న ఆలోచన అక్కడే వదిలేశాను. అంటు ఒక్కటే దారి.

గులాబీ కొమ్మ మీద ఆకులు మెలి తిరుగుతూ వస్తాయి. ఒక ఆకుకి నేరుగా పైన ఆరో ఆకు ఉంటుంది, ఈ లోపు కొమ్మ చుట్టూ రెండు చుట్లు. అంటే వరసగా అయిదు కళ్లు అయిదు దిక్కులు చూస్తాయి. పట్టీ సగం కొమ్మ వెడల్పు ఉంటే అయిదింటిలో రెండో మూడో దాని మీద పడతాయి. ఏవి పడ్డాయో తెలియాలంటే పువ్వు కొమ్మ మీద ఉన్నప్పుడే, తెల్ల సగానికి కిందుగా కాడ పొడవునా గీత గీసుకోవాలి.

అది నేను చేయలేదు. మార్కర్ కొనడానికి బజారుకెళ్లేలోగా, జనవరి 23 పొద్దున్నే, అత్తయ్యగారు ‘బి’ పువ్వును దేవుడికి కోసేశారు.

గుండె జారింది. వెళ్లి చూస్తే ఆవిడ పువ్వును మెడ దగ్గర తుంచారు, కాడ మొత్తం చెక్కుచెదరకుండా ఉంది. పూజ కోసం పువ్వు కోసేవాళ్లు కాడ కోయరు కదా. యాభై రోజుల క్రితం కత్తెర పట్టుకుని నేను చేసిన పాడు పని ఆవిడ చేయలేదు. పైగా పువ్వు తీసేస్తే కింది కళ్లకు బలం వస్తుంది. ఏ వైపు తెలుపు ఉందో 21న తీసిన ఫోటోలో గోడ ఆనవాలుతో దొరికింది. గీత తర్వాత గీశాను.

దశ 4: కడియపులంక ప్రయాణం, ఆరు కళ్లు

ఫిబ్రవరి 4న నర్సరీల ఊరు కడియపులంక వెళ్లాను. నలభై ఏళ్లుగా అంట్లు కడుతున్న ఒక పెద్దాయన దగ్గర కూర్చుని గంటసేపు చూశాను. ఫోటో చూపిస్తే ఆయన ఫోటో పక్కన పెట్టి, “పువ్వు చూసి మురిసిపోతే ఎలాగండీ మాస్టారూ, కన్ను చూడాలి గానీ” అన్నారు. “అది కోసేశాను బాబాయ్” అంటే, “ఆయ్, అందరూ అదే చేస్తారండి” అని నవ్వారు.

కొన్నవి: నాటు మొక్కలు 12, రూ.240. మడత కత్తి రూ.180. అంటు కట్టే ప్లాస్టిక్ టేపు రూ.60. స్పిరిట్, దూది రూ.40. మొత్తం ఇప్పటికి రూ.600.

ఫిబ్రవరి 6న, పువ్వు కోసిన పద్నాలుగో రోజున, ‘బి’ కాడ మీద ఎనిమిది కళ్లున్నాయి. పై రెండూ అప్పటికే పగిలి చిగురేశాయి, పనికిరావు. ఆరు మిగిలాయి. ఇంకో నాలుగు రోజులు ఆగితే అవీ పోయేవి. కన్ను ఉబ్బాలి, విచ్చుకోకూడదు. కాడ ముదిరిందా లేదా అన్నదానికి పెద్దాయన చెప్పిన పరీక్ష: ముల్లును పక్కకి నొక్కితే టక్కున విరిగిపోవాలి. వంగితే లేత.

ఆయన చూపించిన పద్ధతి, నేను చేసిన వరసలో:

1. మూడు రోజుల ముందు నుంచి నాటు మొక్కలకు పొద్దునా సాయంత్రం నీళ్లు. బెరడు లేవడానికి ఇదే మందు. (నాకు దొరికింది రెండు రోజులే.)
2. కాడ కోసిన వెంటనే ఆకులు తీసేయాలి. ఆకు తొడిమ మాత్రం ఒక సెంటీమీటరు ఉంచాలి. పట్టుకోవడానికి పిడి, తర్వాత ఫలితం చెప్పేదీ అదే.
3. నాటు మొక్క పెన్సిలు లావు ఉండాలి. నేల నుంచి 5 సెం.మీ. ఎత్తులో నిలువుగా 2.5 సెం.మీ. గాటు, పైన అడ్డంగా చిన్న గాటు. బెరడు మాత్రమే తెగాలి.
4. కన్నును డాలు ఆకారంలో, 2 సెం.మీ. పొడవున, ఒకే కోతలో తీయాలి. వెనక అంటుకున్న చెక్క పెచ్చును గోటితో తీసేయాలి.
5. గాటులోకి పైనుంచి జార్చి, కన్ను బయటికి కనిపించేలా టేపు బిగించాలి. మొత్తం ఒక నిమిషంలో అవ్వాలి. నాకు మూడు నిమిషాలు పట్టింది.
6. ప్రతి మొక్కకూ కత్తి స్పిరిట్‌తో తుడవాలి.

ఒక్కో కన్ను ఎక్కడిదో రాసుకున్నాను: తెల్ల వైపుది ‘తె’, రోజా వైపుది ‘రో’, గీత మీదది ‘గీ’.

1 తె, 2 గీ, 3 తె, 4 రో, 5 తె, 6 గీ.

నాలుగో నంబరు కావాలనే కట్టాను. గీత గీయడంలో నా అంచనా సరైనదో కాదో తెలియాలంటే తప్పు వైపు కన్ను కూడా ఒకటి పూసి చూపించాలి.

21వ రోజు, ఫిబ్రవరి 27న తొడిమలను వేలితో తాకాను. పట్టిన కన్ను తొడిమ తాకగానే రాలిపోతుంది. ఎండి అతుక్కుపోతే కన్ను చచ్చినట్టు. 1, 2, 4, 5 రాలాయి. 3, 6 అతుక్కుని ఉన్నాయి, నల్లబడ్డాయి.

లెక్క: కట్టినవి 10, పట్టినవి 4. ఖర్చు రూ.600.

దశ 5: ఎండాకాలం నష్టాలు

పట్టిన నాలుగింటికీ నాటు మొక్క తలను కన్ను పైన 3 సెం.మీ. వదిలి కోసేశాను. 5వ నంబరు అన్నింటికన్నా ముందు చిగురేసింది, వారానికి జానెడు పెరిగింది. సంబరపడి దానికే ఎక్కువ ఎరువు వేశాను. మూడు వారాల తర్వాత ఆకులు లెక్కపెడితే ఒక్కో కాడకి ఏడు, తొమ్మిది చిన్న ఆకులు. అది నా కన్ను కాదు, అడుగున నాటు మొక్క వేసిన పిలక. అసలు కన్ను పక్కనే నిద్రపోతోంది. పిలక తీసేశాను గానీ అప్పటికే ఆలస్యమైంది. నల్ల ప్లాస్టిక్ సంచిలో, సిమెంటు గచ్చు మీద, నలభై దాటిన ఎండలో మే 12న అది పోయింది.

మార్చినవి: పిలకలను మూడు రోజులకోసారి గోటితో గిల్లడం మొదలుపెట్టాను. సంచుల్ని గచ్చు మీంచి తీసి జామ చెట్టు కింద ఇటుకల మీద పెట్టాను. మధ్యాహ్నం నీళ్లు మానేశాను.

మిగిలిన మూడూ పూశాయి:

4 (రో), ఏప్రిల్ 24: పూర్తిగా రోజా రంగు. గీత అంచనా సరైనదే.
2 (గీ), ఏప్రిల్ 29: సగం సగం.
1 (తె), మే 3: తెలుపు. అంచులు మాత్రం గోధుమ రంగు. కాగితం మీద తడితే తామర పురుగులు పదకొండు. తెల్ల పువ్వు మీద వాటి దెబ్బ దాగదు. వేపనూనె వారానికోసారి కొట్టాక రెండో పూత శుభ్రంగా వచ్చింది.

కొలతలు: రోజా రంగు పువ్వులు అయిదింటిలో రెక్కలు సగటున 38, వెడల్పు 9.5 సెం.మీ. తెల్లవి మూడింటిలో రెక్కలు 37, వెడల్పు 9. మూడు పువ్వులతో తేడా ఉందనలేను. ఒకటి మాత్రం కచ్చితంగా కనిపించింది: పాత మొక్క లేత చిగుళ్లు ఎర్రటి రాగి రంగులో ఉంటాయి, 1వ నంబరు చిగుళ్లు లేత పచ్చగా వస్తున్నాయి. అంటే నా మొక్క వరకు, పువ్వు పూయకముందే చిగురు చూసి చెప్పొచ్చన్నమాట. దీనివల్ల తర్వాత చాలా రోజులు కలిసొచ్చాయి.

దశ 6: సగం పువ్వును పట్టుకోలేకపోవడం

నిజం చెప్పాలంటే నాకు కావలసింది 2వ నంబరు. తెల్ల గులాబీ ఎవరింట్లోనైనా ఉంటుంది. సగం సగం పూసేది ఎక్కడుంది?

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా అది పూసిన ప్రతి పువ్వునూ రాశాను. మొత్తం 11. పూర్తి రోజా రంగు 4, పూర్తి తెలుపు 3, కలగలుపు 4. ఆ నాలుగింటిలో ఏ రెండూ ఒకలా లేవు. ఒకటి సగం, ఒకటి ఒక్క రెక్క, ఒకటి పావు, ఇంకోటి మూడు సన్న చారలు.

ప్రతి కొత్త కొమ్మా పట్టీ అంచు మీదే పుట్టాలి, లేకపోతే ఏదో ఒక వైపు పడిపోతుంది. అంచు మీద నిలబెట్టడం నా చేతిలో లేదు. వర్షాల్లో నల్ల మచ్చ తెగులు వచ్చి దాని ఆకులన్నీ రాలాయి కూడా. అక్టోబర్ 13న కత్తిరింపులప్పుడు దాన్ని ప్రయోగం నుంచి తీసేసి గేటు పక్కన నాటాను. పూసినప్పుడు పూస్తుంది. ఈ నిర్ణయానికి రావడానికి నాకు నాలుగు నెలలు పట్టింది, మీరు నాలుగు పువ్వులతో రావచ్చు.

దశ 7: తెలుపు నిలబడుతుందా?

2025 జనవరి 19న 1వ నంబరు నుంచి పది కళ్లు తీశాను. మిగిలిన నాటు మొక్కలు ఆరు, అంటు చచ్చిన 3, 6 నంబర్లు కలిపి ఎనిమిది. అందులో ఒకటి వానల్లో కుళ్లిపోయింది. రేటు రూ.25 అయింది, మూడు కొన్నాను, రూ.75. ఈసారి నాటు మొక్కలకు మూడు రోజులూ నీళ్లు పెట్టాను. ఒక్కో అంటుకి నిమిషంన్నర పట్టింది. నంబర్లు 7 నుంచి 16.

ఫిబ్రవరి 9న తొడిమలు తాకితే ఎనిమిది రాలాయి. పోయిన రెండూ లావెక్కి బెరడు ముదిరిపోయిన పాత నాటు మొక్కల మీదవే. పెన్సిలు లావు దాటితే వద్దు.

కుండీలు ఎనిమిది రూ.560, ఎర్రమట్టి, పశువుల ఎరువు రూ.240.

ఏప్రిల్ నెలాఖరుకి ఎనిమిదీ పూశాయి. ఏడు తెలుపు. 12వ నంబరులో ఒక్క రెక్క మీద అగ్గిపుల్లంత రోజా రంగు చార. దాని చిగుళ్లు ముందే చూశాను, ఒక ఆకు అంచు మాత్రం రాగి రంగులో ఉంది, కానీ ఎండ వల్లేమో అనుకుని వదిలేశాను.

లెక్క: కట్టినవి 20, పట్టినవి 12, చార లేకుండా తెల్లగా ఉన్నవి 1వ నంబరుతో కలిపి 8. ఖర్చు రూ.1,475.

మే మొదటి వారంలో ఒక తెల్ల మొక్కను కడియపులంక తీసుకెళ్లాను. పెద్దాయన పువ్వు చూశారు, చిగురు చూశారు, అంటు ముడి తడిమారు. “ముడి బాగా కట్టారు. కానీ మాస్టారూ, తెల్ల ఎలిజబెత్ ఎప్పుడో వచ్చిందండి.” ఇంటికొచ్చి వెతికితే నిజమే. అసలు ‘క్వీన్ ఎలిజబెత్’ 1954లో అమెరికాలో వస్తే, దాని కొమ్మ మీద ఇలాగే పుట్టిన తెల్ల రకం 1960ల్లోనే పేరు పెట్టుకుని అమ్మకానికొచ్చింది. అదే మార్పు నా పెరట్లో అరవై ఏళ్లు ఆలస్యంగా జరిగింది. ఆ సాయంత్రం కాసేపు బాధ వేసింది. పేరేం పెట్టాలా అని మా అమ్మాయి రాసిన చీటీ ఇంకా ఫ్రిజ్ మీద ఉంది.

తెల్లవాటిలో ఒకటి పెద్దాయన ఉంచుకున్నారు, ఒకటి అత్తయ్యగారి ఊరికి వెళ్లింది.

ఇప్పుడు

పనంతా 12వ నంబరు మీదే. తెల్ల మొక్క కన్ను మళ్లీ పాత రంగు చార ఎలా వేసిందన్నది తేలాలి. నేను పూర్తిగా తెల్ల వైపుదనుకున్న 1వ నంబరు కన్నులో కూడా ఎక్కడో సన్నటి పాత పట్టీ మిగిలి ఉండొచ్చని నా అనుమానం. చార ఉన్న రెక్కకు కిందుగా కాడ మీద ఈసారి పువ్వు ఉండగానే గీత గీశాను, గీత మీద పడిన రెండు కళ్లకూ ఎర్ర దారం కట్టాను. 2025 అక్టోబర్ 12న ఆ రెండు కళ్లనే ఉంచి మిగతా కొమ్మలన్నీ తీసేశాను.

నవంబర్ చివరికి పూస్తాయి. అత్తయ్యగారికి ముందే చెప్పాను, నేను ఫోటో తీశాక కొయ్యండి, మెడ దగ్గరే తుంచండి అని. “నేనెప్పుడూ అలాగే కోస్తాను, కాడతో కోసింది నువ్వే” అన్నారు.